ప్రసంగం లేకుండా ఆడిన సినిమా

యేసు ప్రభువు మీద తీసిన సినిమాలు నమ్మినవాళ్లకు తప్ప ఇంకెవరికీ పట్టవని మా సంఘంలో ఒక పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. జనానికి పట్టకపోవడం కాదు, మనమే పట్టనివ్వడం లేదని నా వాదన. చివరికి నా వాదనే నెగ్గింది. ఎలా నెగ్గిందో చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అప్పుడు నేను రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున థర్మల్ కేంద్రంలో బొగ్గు దింపే చోట పని చేసేవాణ్ణి. పగలంతా బొగ్గు దుమ్ము, సాయంత్రమైతే రేకుల షెడ్డులో మా సంఘం. సంఘానికి ఎవరో ఒక పాత ప్రొజెక్టరు, తెలుగులోకి మార్చిన నాలుగు రీళ్ల సినిమా ఇచ్చిపోయారు. దాన్ని చుట్టుపక్కల ఊళ్లకు తీసుకుపోయి చూపించేవాళ్లం. ఆ మిషను ఆడించడం నేర్చుకున్నది నేనొక్కణ్ణే. ఉన్నది ఒకటే మిషను కాబట్టి ఒక రీలు అవగానే బల్బు వెలిగించి ఇంకోటి ఎక్కించాలి. దానికి ఐదారు నిమిషాలు పడుతుంది. ఆ సందులో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మైకు అందుకునేవారు. ఆయనది సింధనూరు దగ్గర కాలువ కింద స్థిరపడిన ఆంధ్రా కుటుంబం. చాలా మంచి మనిషి, కానీ మైకు చేతికొస్తే ఆయనకు టైము తెలియదు. నేను రీలు ఎక్కించి చేతులు కట్టుకుని నిలబడితే అరగంట గడిచిపోయేది.

దేవసూగూరుకు ఇవతల ఒక ఊళ్లో రెండో రీలు తర్వాత ఆయన పాపాల గురించి మొదలుపెట్టారు. జనం కూర్చున్న గోనెసంచులు దులుపుకుని లేచారు. ఒక ముసలాయన నా పక్కనుంచి పోతూ, "ఏందయ్యా, సినిమా అని పిలిచి నడుమల పాఠం పెడ్తిరి?" అన్నాడు. మూడో రీలు నాటికి మిగిలింది మా సంఘం వాళ్లే. "చెప్పానా లేదా" అని పెద్దమనిషి నా వైపు చూసి నవ్వాడు.

తర్వాత ఆట మా ఊళ్లో. అక్కడ మా అమ్మ ఉంది. నేను ప్రభువును నమ్ముకుని అప్పటికి నాలుగేళ్లు. అమ్మ నాతో మాట్లాడటం మానలేదు, అన్నం పెట్టడమూ మానలేదు. నా దేవుడి మాటెత్తితే మాత్రం చేట అందుకుని జొన్నలు చెరగడం మొదలుపెట్టేది. ఆమెకు దేవసూగూరు గుళ్లో సూగూరేశ్వరుడు ఉన్నాడు. మొదట్లో ఆమెను మార్చేద్దామనుకున్న మాట నిజం. పోనుపోను ఒక్క కోరికే మిగిలింది: నాకు ప్రాణమైన ఆ కథను ఆమె ఒక్కసారి చివరిదాకా వినాలి. పౌరాణిక సినిమా వచ్చిందంటే పొద్దున్నే రాయచూరు టాకీసుకు బయలుదేరే మనిషి కాబట్టి సినిమా అంటే వస్తుంది. మధ్యలో ప్రసంగం వినబడితే లేచిపోతుంది. ఒకసారి లేచిపోతే ఈ జన్మలో మళ్లీ రాదు.

అయ్యగారి దగ్గరికి వెళ్లి తెగేసి చెప్పాను. "మా ఊర్ల మీరు మైకు పట్టొద్దు అయ్యగారూ. పడ్తే నేను మిషన్ ముట్ట."

"అదేంటయ్యా, అంతమంది జనం వస్తే వాక్యం చెప్పకుండా ఎట్టా పంపించేది?"

"సినిమాల ఉన్నది వాక్యం గాదా? దాని మీద మీకే నమ్మకం లేదా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "సరే, నీ మాటే కానీ. జనం నిలవకపోతే మాత్రం ఇంకెప్పుడూ నాకు అడ్డు చెప్పకూడదు," అన్నారు.

దీపాలు పెట్టే వేళకు బడి ముందు తెర కట్టాం. అమ్మ తన జట్టు ఆడవాళ్లతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. మొదటి రీలు అయిపోయి బల్బు వెలగగానే గబగబా రెండోది ఎక్కించబోయాను. ఫిల్ము మిషను పళ్లలో కూర్చోనంటుంది. అయ్యగారు మైకు వైపు ఒకసారి చూసి చేతులు వెనక్కి కట్టుకున్నారు. అక్కడక్కడా జనం కదలడం మొదలైంది.

అంతలో అమ్మ పక్కనున్నావిడ, "ఏమంటున్నరే వాళ్లు? ఆ మాటలు పెండ్లిపత్రిక లెక్క ఉన్నయి, నాకు సమజైతలేదు," అంది. టాకీసులో ఇంటర్వెల్ కాగానే జట్టుకు కథ అప్పజెప్పడం అమ్మకు ఎప్పటినుంచో అలవాటు. అందుకే ఇక్కడా మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె వైపు తిరిగారు. మూడో రీలు తర్వాత వెనకవాళ్లు కూడా ముందుకు జరిగారు.

"ఆ గిన్నెల చేతులు కడుక్కున్నోడు తహసీల్దారు," అంది అమ్మ. "ఈ పిలగానిది తప్పు లేదని వానికి ఎరుకే. మీదోళ్ల భయం. అందుకే హుకుం ఇచ్చిండు."

"జులుం అది, సాఫ్ జులుం," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

రోమా అధిపతి తహసీల్దారు కావడం అయ్యగారు తట్టుకోలేకపోయారు. సరిదిద్దడానికి నోరు తెరిచారు. మిషను నూనె అంటిన చేత్తోనే ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. ఆయన నన్ను చూశారు, అమ్మను చూశారు. "మీ అమ్మ నాకంటే బాగా చెబుతోందయ్యా," అని నవ్వేశారు.

నాలుగో రీల్లో సిలువ కింద మరియమ్మ నిలబడింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉన్నట్టుండి తెర వైపు చెయ్యి చాపి, "ఆ తల్లిని ఎవరన్న పట్టుకోండ్రి!" అని అరిచింది. నేను ఏడ్చేశాను. ఆ సినిమాను అన్నిసార్లు ఆడించినవాణ్ణి, ఆ తల్లిని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. సమాధి తెరుచుకుని ప్రభువు బయటికి రాగానే ఊరు ఊరంతా చప్పట్లు, ఈలలు. చేతులు జోడించుకుని చూడటమే తెలిసిన మా సంఘం వాళ్లు మొదట బిత్తరపోయారు, తర్వాత వాళ్లూ చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి అందరికంటే గట్టిగా కొట్టాడు. ఒక్కరు కూడా మధ్యలో లేవలేదు. ఆ పూట నేను భూమ్మీద నిలబడలేదంటే నమ్మండి.

రీళ్లు డబ్బాల్లో సర్దుతుంటే అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నాలుగేండ్ల సంది నువ్వు నాకు చెప్పాలనుకున్నది గీ కథనేనా?"

"గిదే అమ్మా."

"మరి గిట్ల చెప్పకపోతివేంది రా? నువ్వు నోరు తెరిస్తే నన్ను తిడ్తున్నట్లే ఉండె."

అయ్యగారిని అన్ని మాటలన్నవాణ్ణి, ఇంట్లో నాలుగేళ్లుగా నేను చేసిందీ ప్రసంగమే. మరుసటి సోమవారం అమ్మ ఎప్పటిలాగే దేవసూగూరు పోయి దండం పెట్టుకుని వచ్చింది. ఆ సాయంత్రం పక్క ఊళ్లో ఆట ఉందని తెలిసి, నుదుట విభూతితోనే మిషను మోసుకెళ్లే మా ట్రాక్టరెక్కింది. మొదటి రీలు అయిపోయి బల్బు వెలగగానే ఆమె కథ చెప్పడం మొదలుపెట్టింది. అయ్యగారితో పాటు నేనూ నోరు మూసుకుని విన్నాను.