చెవిలో చెప్పిన మాట

ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరో ఒకరు ‘నువ్వు మామూలోడివి కాదు’ అంటే చాలు, ఇక మనిషి భూమ్మీద ఆగడు. నాకు ఆ మాట అన్నది మేమంతా ‘రికార్డింగ్ అన్న’ అని పిలుచుకునే ఆయన. మా నాన్న లెక్కలో అప్పుడు నేను అశోక్ నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్తున్నాను. వెళ్ళేవాణ్ణే, కాకపోతే మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత నారాయణగూడ సందులో, మేడ మీదున్న అన్న స్టూడియోలో తేలేవాణ్ణి. పట్నంలో రాక్ బ్యాండ్ పెట్టిన ప్రతి కుర్రాడికీ ఆయన చేత ఒక్క పాటైనా రికార్డు చేయించుకోవాలని ఆశ. ఆయన చేసిన ఆల్బంలు క్యాసెట్ల కాలం నుంచీ కాలేజీ హాస్టళ్ళలో చేతులు మారి మారి అరిగిపోయాయి.

అంత పేరున్న స్టూడియోలో గోడలకి సుల్తాన్ బజార్‌లో కొన్న పూలబొంతలు వేలాడేవి (శబ్దం గోడకి తగిలి వెనక్కి రాకుండా). పాడేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకపోతే దాని మూలుగు కూడా పాటలోకి వచ్చేస్తుంది. మే నెల ఎండల్లో చొక్కాలు విప్పేసి, చెమటలు కక్కుతూ లోకాన్ని తగలబెట్టేస్తామని గొంతులు చించుకునేవాళ్ళం. కింద బస్సు హారన్ కొట్టిందంటే మళ్ళీ మొదటికి. నా వంతు వచ్చిన రోజు ఎన్నిసార్లు మొదలుపెట్టినా గొంతు పట్టేసింది. అన్న అద్దాల గదిలోంచి లేచి వచ్చి, నా హెడ్‌ఫోన్ పక్కకి జరిపి, చెవిలో మెల్లగా అన్నాడు: “తమ్మీ, గిసువంటి గొంతు నేను ఇంతదాంక వినలే. ఎవ్వలకు చెప్పకు, తక్కినోళ్ళు ఫీలైతరు.” ఆ తర్వాత ఎలా పాడానో నాకే తెలీదు.

ఇంకేముంది, పరీక్ష గట్టెక్కి బ్యాంకు ఉద్యోగం వచ్చినా చేరనన్నాను. చెన్నై వెళ్ళి గాయకుణ్ణవుతానన్నాను. “నీ గొంతు బాగుంటుందని ఏ వెధవ చెప్పాడ్రా నీకు?” అని నాన్న ఇల్లెగిరిపోయేలా అరిచారు. చెప్పకూడదు కదా, నోరు మూసుకున్నాను. సోమవారం కల్లా చేరకపోతే ఉద్యోగం పోతుందనగా, ఆ వారంలోనే అన్న గుండె ఆగి పోయాడు.

ఆదివారం సాయంత్రం చిక్కడపల్లిలో సంతాపసభ. ఫొటోకి దండ, ముందు వరసలో అన్న భార్య, మా వదిన. అన్న దగ్గర పాడి పేరు తెచ్చుకున్న పెద్ద గాయకుడు మైకు పట్టుకుని, “ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది” అంటూ ఫొటో వైపు తిరిగాడు. తర్వాత చెప్పాడు: అన్న ఆయన చెవిలో అన్నది అదే మాట! తర్వాత లేచినాయన, “అరె, నాకూ అట్లనే చెప్పిండు!” అన్నాడు. ఆపైన లేచిన ప్రతివాడిదీ అదే రహస్యం. చివరికి ఎన్నడూ నోరు విప్పి పాడని డ్రమ్మర్ కూడా లేచి, “గిసువంటి చెయ్యి ఇంతదాంక చూడలే అన్నడు” అని భోరుమన్నాడు. హాలంతా ఏడుస్తూనే నవ్వింది. నా వంతు వచ్చేసరికి “నాకు కూడా” అని మాత్రం అని దిగిపోయాను.

సభ అయ్యాక వదిన దగ్గరికి వెళ్ళి అడిగేశాను. “వదినా, అదంతా అబద్ధమేనా?”

“నేను సుత గదే అడిగిన తమ్మీ. ‘నేనన్నంక వాళ్ళు నిజంగ గట్లనే పాడుతరు, ఇంక అబద్ధం ఎట్లయితది?’ అన్నడు.” అని నవ్వింది. “పెండ్లయిన కొత్తల నేను సుత ఓ పాట పాడిన. నీకు శ్రుతి లేదన్నడు. మళ్ళ పాడలే.” పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. “నా చెవిల సుత ఒక్కపారి చెప్తే ఆయనదేం పోతుండె?”

హాలు ఖాళీ అయ్యేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. సోమవారం పొద్దున ఉద్యోగంలో చేరాను. చాలా రోజులు అన్న మీద కోపంగా ఉండేది, దుఃఖం కూడా. తర్వాత ఒకరోజు అన్న రికార్డు చేసిన నా పాట పెట్టుకుని విన్నాను. పాడింది నేనే. కానీ అంత బాగా నేను అంతకు ముందు పాడలేదు, ఆ తర్వాతా పాడలేకపోయాను. బొంతల మధ్య ఉక్కపోతలో, ఆ నాలుగు నిమిషాలూ అన్న చెప్పింది నిజమే.

పెళ్ళయ్యాక ఆ పాట మా ఆవిడకి వినిపించాను. కళ్ళు మూసుకుని మొత్తం విని, “అబ్బ, ఏం గొంతండీ! ఎవరతను?” అంది. “నేనే” అన్నాను. పడీ పడీ నవ్వింది. ఇప్పటికీ నమ్మలేదు.