సుస్మిత సేఫ్

రియాలిటీ షోలో ఆదివారం ఎవరు బయటికెళ్తారో పటమటలో సెల్‌ఫోన్లు బాగుచేసే నతానియేలు శనివారమే ఆన్‌లైన్‌లో పెట్టేస్తాడు. ముందురోజే జరిగే ఆ షూటింగ్‌లో లైట్లు పెట్టే బావమరిది అతనికి చెబుతాడు. ఒక చేత్తో స్క్రూలు విప్పుతూనే రెండో చేతి బొటనవేలితో టైపు చేస్తాడు. తను పెట్టింది తప్పయిందని ఇంతవరకూ ఎవడూ అనలేదు, అదే అతని పొగరు. ఈ శనివారం అతని ఆన్‌లైన్ ఛానెల్లో నంబరు చూసి ఉయ్యూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. షోలో ఉన్న సుస్మిత తల్లి.

“బాబూ, మా పిల్ల ఈ వారం బయటికొచ్చేస్తుందా?”

“టెన్షన్ పడకండి ఆంటీ, సేఫ్! జనం ఓట్లు కుమ్మేశారు.”



“వాళ్ల నాన్నకి వెంటిలేటర్ పెట్టారయ్యా. షోవాళ్లు ఫోనెత్తట్లేదు. రేపు వచ్చేస్తుందనుకున్నా. ఇంకోసారి చూసి చెప్పవా?”

“చూస్తానండీ,” అన్నాడు.

చూడ్డానికేమీ లేదు. ఆవిడ లైన్లోనే ఉంది.