గోడలో పిన్ని

ఆ రోజుల్లో, కరెంటు పోతే మనుషుల నోళ్లు కూడా ఆగిపోతాయనుకునేదాన్ని నేను. నవ్వకండి. చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన నూలు మిల్లులో కొత్తగా చేరాను. పద్దెనిమిదేళ్లుంటాయేమో. తెగిన దారాన్ని అతికించే పని. మిషన్లు గర్జిస్తున్నంతసేపూ పక్కవాళ్లు అరిచే మాటలు నాకు శుభ్రంగా వినిపించేవి. కరెంటు పోగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. గాలిలో ఎగిరే దూది నూగు మెల్లగా దిగి జుట్టు మీద, కనురెప్పల మీద వాలేది. ఆ తెల్లటి నూగులో అందరి పెదాలూ కదిలేవి, చేతులు ఊగేవి, నవ్వితే పళ్లు కనిపించేవి, చప్పుడు మాత్రం ఉండేది కాదు. చనిపోయినవాళ్లు మాట్లాడుకుంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంటూ దారం కొస పట్టుకుని బిక్కచచ్చి నిలబడేదాన్ని. అందరికీ ఇంతేనని నా నమ్మకం. (ఒకరి చెవులు ఇంకొకరు పెట్టుకుని వినలేరు కదా, తేడా తెలియడానికి.)

నన్ను ఆ మిల్లులో చేర్చింది మా పిన్ని, అమ్మకు చెల్లెలు. హాస్టల్లో తన మంచం మీదే నాకు సగం చోటిచ్చింది. ఆ వానాకాలం జ్వరంతో ఊరికి వెళ్లి, అక్కడే పోయింది. మంచం మొత్తం నాదైపోయింది. అది గోడకు ఆనుకుని ఉండేది, గోడ వెంబడే నీళ్ల గొట్టం పోయేది. డ్యూటీ దిగి మధ్యాహ్నం పడుకుని తల గోడకు ఆనిస్తే చాలు, నా పుర్రెలో ఏవేవో మొదలయ్యేవి. దూరంగా గుర్రుమని ఒకటి, దాని వెనకే బుడబుడమని ఇంకొకటి. నేను లేచి "నీళ్లొస్తున్నాయి" అనేదాన్ని. కాసేపటికి నిజంగానే కుళాయిలో నీళ్లు పడేవి. మొదట్లో అందరికీ సంతోషమే, బిందెలు ముందే పెట్టుకోవచ్చు కదా. కానీ బొంగరం అని మేం పిలుచుకునే పిల్ల (ఒకచోట నిలవదు, అందుకే ఆ పేరు) ఒకరోజు నా మొహంలో మొహం పెట్టి అరిచింది. "ఏమే, ఎదురుగా నిలబడి పిలిస్తే పలకవు. గోడలో చప్పుడు ఎట్టా వినపడతందే నీకు?" గదిలో అందరూ నా వంక చూశారు. తర్వాత నేను కూర్చున్న మంచం వంక చూశారు. అది ఎవరి మంచమో అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది.

అప్పటికే పాట కూడా మొదలైంది, నేనే ఎవరికీ చెప్పలేదు. కళ్లు మూతలు పడే వేళకు, తల గోడకు ఉండగానే, పిన్ని మిరపకాయ కోతల్లో తీసే కూనిరాగం నా తలలోపల వినిపించేది. మాటలుండవు, రాగం ఒక్కటే. చెవి పక్కన కాదు, చెవికి లోపలి వైపు నుంచి, దవడలు అదిరేలా వచ్చేది. దానికి తాళం వేస్తున్నట్టు డుబ్బు డుబ్బుమని ఏదో కొట్టుకునేది. ఒళ్లు జలదరించేది, అయినా లేవబుద్ధయ్యేది కాదు. పిన్ని కదా! భయపడుతూనే ఆమె కోసం రోజూ ఆ గోడకు తల ఆనించేదాన్ని. ఇక గదిలోని మిగతావాళ్ల సంగతి నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. నా నోరు మూసే ఉండేదట, పెదాలు కదిలేవి కావట, కానీ చచ్చిపోయిన మనిషి రాగం మాత్రం నాలోంచి సన్నగా వచ్చేదట! అవతలి మూల వాళ్లంతా ఒకే మంచం మీద ముడుచుకుని కూర్చునేవాళ్లట. ఒకామె నాకు తాయెత్తు కట్టింది. ఇంకొకామె ప్రార్థన చేయించిన నూనె తెచ్చి పట్టించింది. (నూనెకు తాయెత్తు జారి ఎక్కడో పడిపోయింది. రెండు వైద్యాలూ ఒకేసారి చేస్తే ఇంతే.)

విషయం గెద్ద మేస్త్రీ దాకా వెళ్లింది. హాలు చివర దారం తెగినా ఈ చివర నుంచి కనిపెట్టే మనిషి. "చూడమ్మాయ్, నీ మిషను పక్కన నిలబడేది లేదని ఆడపిల్లలంతా మొరాయిస్తన్నారు. ఆ చెవేందో గుంటూరు పోయి చూపించుకో. బాగైతే ఉండు, లేకపోతే మీ అమ్మను పిలిపిచ్చి పంపిచ్చేస్తా" అన్నాడు. ఆ ఏడు మాకు పురుగు పట్టి పత్తి పోయింది. ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే. పని పోకూడదు. చెవి బాగైతే పిన్ని పోతుంది. బస్సులో గుంటూరు దాకా ఈ రెండూ నా రెండు చెవుల్లో కూర్చుని పోట్లాడుకున్నాయి. తోడుకు బొంగరం వచ్చింది, నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది.

చెవుల డాక్టరమ్మ రెండు కొమ్ముల ఇనప కడ్డీని మోచేతికి తట్టి నా చెవి ముందు పెట్టింది. ఏమీ లేదు. అదే కడ్డీని చెవి వెనక ఎముకకు ఆనించగానే పుర్రె నిండా తేనెటీగలు లేచాయి. అవి అణిగాక చెయ్యెత్తమంది, ఎత్తాను. వెంటనే కడ్డీని మళ్లీ చెవి ముందుకు తెచ్చింది. నాకు నిశ్శబ్దం. అవతల కుర్చీలోంచి బొంగరం "మోగతానే ఉందిగా!" అని అరిచింది. తర్వాత చెవిలో రబ్బరు బిరడా పెట్టి, "మాట్లాడకు, గుటక వేయకు" అని గాలి నొక్కారు. మిషను కాగితం మీద గీత గీసింది. పోల్చి చూపించడానికి బొంగరం చెవికీ పెట్టారు. దాని గీత కోటప్పకొండలా లేచింది. నాది మిరప మడి గట్టంత కూడా లేదు.

"చెవి పొర వెనక మూడు బుల్లి ఎముకలుంటాయి తల్లీ" అంది డాక్టరమ్మ నా చెవి దగ్గర గట్టిగా. "చప్పుడు తగిలితే ఒకటి ఇంకొకదాన్ని తోస్తుంది. నీకు ఆఖరిది బిగుసుకుపోయింది. గాలిలో వచ్చే మాట అక్కడే ఆగిపోతోంది. గోడలోంచి తల ఎముకకు వచ్చేది మాత్రం నేరుగా లోపలికి పోతోంది. మిల్లులో అందరూ అరుస్తారు కాబట్టి నీ దాకా వస్తుంది. కరెంటు పోతే గొంతులు తగ్గిస్తారు, రాదు."

"మరి మా పిన్ని అండీ?" అన్నాను.

పాట సంగతంతా విని ఆమె నవ్వలేదు. బొంగరాన్ని పిలిచి, రెండు చెవులూ వేళ్లతో గట్టిగా మూసుకుని, నోరు మూసి ఏదైనా రాగం తీయమంది. బొంగరం తీసింది. కళ్లు పెద్దవి చేసింది. కుర్చీ తన్నుకుని లేచింది. "అమ్మో! నాలోకీ వచ్చేసిందే మీ పిన్ని!"

అప్పుడు నవ్వింది డాక్టరమ్మ. "అది నీ గొంతే పిల్లా, ఎముకలోంచి వినిపిస్తోంది." తర్వాత నా వైపు తిరిగి, "నిద్రమత్తులో నువ్వే పాడుతున్నావు. మీ పిన్ని దగ్గర నేర్చుకున్న రాగమే కదా" అంది. ఆ డుబ్బు డుబ్బు నా గుండేనట. "బాగుచేస్తే పాట పోతుందా అండీ?" అని అడిగాను. "తగ్గుతుంది" అంది. అబద్ధం చెప్పలేదు, అందుకే ఆపరేషనుకు ఒప్పుకున్నాను.

ఆపరేషనయ్యాక మిల్లుకు వెళ్లిన కొన్నాళ్లకు కరెంటు పోయింది. నూగు దిగింది. ఆ తెల్లటి నిశ్శబ్దంలో, మిల్లులో చేరాక మొదటిసారి, ఒక గొంతు తేటగా వినిపించింది. బొంగరం ఎవరితోనో అంటోంది, "దాని జడ చూడవే, ఎలక తోక మాదిరి." నేను వెనక్కి తిరిగి "వినపడతందే" అన్నాను. అది మూడు మిషన్ల అవతలకు పరిగెత్తింది. గెద్ద మేస్త్రీ మీసం కింద నవ్వుకున్నాడు. పని నిలిచింది. ఆ మధ్యాహ్నం గోడకు తల ఆనించాను. ఫ్యాను, గాజులు, రోడ్డు మీద లారీలు, అన్నీ అడ్డొచ్చాయి. గోడ ఉత్త గోడలా ఉంది. నీళ్లు చెప్పకుండా వచ్చి వెళ్లిపోయాయి. "బాగుచేయించుకుని ఏం ఉద్ధరించావే, బిందెలన్నీ ఖాళీ" అని గదంతా నన్నే తిట్టింది.

అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. పైకి చదివితేగానీ ఇప్పటికీ మాట కుదరదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పుస్తకం మోకాళ్ల మీద నిలబెట్టుకుని, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని చదువుతాను. లోపల్నుంచి ఆ గొంతు వస్తుంది. నాదేనని తెలుసు, డాక్టరమ్మ చెప్పింది కదా. కానీ బస్సు బోర్డు కూడా చదవలేని పిన్ని ఇప్పుడు నాతోపాటు పేజీలు చదువుతుంటే, కాదనడానికి నాకు నోరు రాదు. ఒత్తులొచ్చిన చోట ఇద్దరం ఆగుతాం. తప్పు చదివితే మాత్రం, అది ఆవిడ చదివిందే.