పర్లేదు అనని గెరిట్

మా ఊళ్ళో మనిషి కాలు విరిగి మంచంలో ఉన్నా, ఎలా ఉందని అడిగితే "పర్లేదు" అంటాడు. వడగళ్ళు పడి మొక్కజొన్న మొత్తం నేలమట్టమైతే "ఇంతకంటే ఘోరాలు చూడలేదా ఏంటి" అంటాడు. అమెరికా నడిమధ్యన మా అయోవా రాష్ట్రంలో పుట్టినవాళ్ళకి ఇది ఉగ్గుపాలతో అబ్బిన విద్య. మన బాధ చెప్పుకోవడమంటే ఎదుటివాడి నెత్తిన బరువు పెట్టడమని మా పెద్దల నమ్మకం. ఈ విద్య ఒంటబట్టనివాడు ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు గెరిట్.

గెరిట్‌కి ముప్పై దాటాయి. ఆటిజం ఉంది. తల్లి జోలీన్‌తో కలిసి రైలు పట్టాల పక్కనున్న ఇంట్లో ఉంటాడు. సహకార సంఘం ధాన్యం గోదాములో గింజల తేమ చూడడం అతని పని. రైతు ట్రక్కు దిగి "ఈసారి బాగా ఎండాయి కదూ?" అని నవ్వుతూ అడిగితే, "లేదు, తడిగా ఉన్నాయి" అంటాడు, మొహం కూడా చూడకుండా. తడి ఉంటే ధర తగ్గుతుంది. అయినా అతనితో ఎవరూ పేచీ పెట్టుకోరు. సొంత మేనమామ గింజల్ని కూడా అలాగే తిప్పి కొట్టాడు మరి! యంత్రాల రొద పడదు కాబట్టి పొద్దస్తమానం చెవులకి మూతలు పెట్టుకునే ఉంటాడు. ఆ మూతలు తనంతట తానే తీసేది చర్చి గంట మోగినప్పుడు మాత్రమే.

ఆ గంట కొట్టేది మా ఆయన డెల్మర్. ఆదివారాలు సరే, మా లూథరన్ చర్చిలో మనిషి పోతే బతికిన ఏడాదికొక దెబ్బ చొప్పున గంట కొడతారు. పొలాల్లో ఉన్నవాళ్ళు ట్రాక్టర్లు ఆపి లెక్కపెట్టుకుంటారు. తాడు కిందికి వదిలితే పిల్లలు లాగేస్తారని మా ముత్తాతలు దాన్ని గంట కింది అటకలోనే ఆపేశారు. అక్కడికి నిచ్చెనలాంటి మెట్లు. డెల్మర్ పైన తాడు లాగుతుంటే గెరిట్ చిన్నప్పటినుంచీ కింద నిలబడి ఖాళీ చేతులతో అలాగే లాగేవాడు.

ఆ వసంతంలో డెల్మర్ గుండె మొరాయించింది. మెట్లెక్కితే ప్రాణానికే ముప్పన్నారు. చర్చి పెద్దలు కూర్చుని, ఆపిల్ పై ముక్కలు తింటూ, మీట నొక్కితే గంట పాట పాడే కరెంటు డబ్బా తెప్పిద్దామనుకున్నారు. డెల్మర్ వెనక బెంచీలోంచి, "నేను పోయినప్పుడు ఆ డబ్బా మోగించారో, శవపెట్టె మూత తీసుకుని లేచొస్తా!" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు గెరిట్ లేచి, "నేను కొడతాను" అన్నాడు.

గెరిట్ ఆ మెట్లెక్కలేడని అందరికీ తెలుసు. మూడో మెట్టు దగ్గరే కళ్ళు తిరిగి, కమ్మీని కరుచుకుని ఉండిపోతే ఇద్దరు మగాళ్ళు దింపాల్సి వచ్చింది ఒకసారి. కానీ కాదని మొహం మీద చెప్పే నోళ్ళా మావి? "చూద్దాంలే, కోతలు అయ్యేదాకా ఆగుదాం" అన్నారు. మా ఊళ్ళో చూద్దాం అంటే జరగదని అర్థం. గెరిట్ మాత్రం దాన్ని గడువనుకున్నాడు. "కోతలయ్యేదాకా టైముంది" అని మర్నాడు గోదాములో అందరికీ చెప్పాడు. పెద్దలకిక వెనక్కి తగ్గే దారి లేకపోయింది. భలే ఇరుక్కున్నారు.

నేను డాక్టర్ కోరిన్ క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే పని చేస్తాను. వెన్నుపూసలు సర్దే వైద్యం పుట్టిందే మా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున. నడుం పట్టేసిన రైతు ముందు ఆ వైద్యం చేసే కైరోప్రాక్టర్ దగ్గరికే పోతాడు. మా కోరిన్ అక్కడితో ఆగకుండా ఇంకా చదివి, కైరోప్రాక్టిక్ న్యూరాలజీ అని బోర్డు కట్టింది. కళ్ళూ, చెవిలోపల ఒంటి తూకం చూసుకునే భాగమూ, కాళ్ళూ, మెదడూ ఒకదాని మాట ఒకటి వింటున్నాయో లేదో చూసి కసరత్తులు చేయిస్తుంది. గోడ మీద చారలు కదిలిస్తుంది, మెత్తటి దిమ్మ మీద ఒంటికాలి మీద నిలబెడుతుంది, తిరిగే కుర్చీలో కూర్చోబెడుతుంది. పెద్దాసుపత్రి డాక్టర్లు వీటిలో చాలావాటికి గట్టి రుజువుల్లేవంటారు. నేను కూడా మొదట్లో "ఇది వైద్యమా, జాతర రంగులరాట్నమా తల్లీ?" అని అడిగేశాను.

మామూలు డాక్టరు చెవులూ గుండే చూసి లోపం లేదన్నాక జోలీన్ కొడుకుని మా దగ్గరికి తీసుకొచ్చింది. కోరిన్‌ని పక్కకి పిలిచి, "ఎలాగూ చూస్తున్నావు కదా, మనుషుల కళ్ళలోకి చూసేట్టు కూడా చెయ్యగలవా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ఆటిజం పోగొట్టడం నా పని కాదు జోలీన్. అది పోవాల్సిన జబ్బూ కాదు. కళ్ళు తిరగడం సంగతి చూస్తాను, తగ్గుతుందని మాత్రం మాటివ్వను" అంది కోరిన్.

"నా మెడ ముట్టుకోకూడదు" అన్నాడు గెరిట్ గుమ్మంలోంచే.

"ముట్టుకోను" అంది కోరిన్. ముట్టుకోలేదు కూడా.

కొన్ని వారాలు కుర్చీ తిప్పింది. ఒకరోజు కుర్చీ ఆపి, అందరినీ అడిగినట్టే నవ్వుతూ, "ఎలా ఉంది గెరిట్?" అంది.

"ముందుకంటే ఎక్కువ తిరుగుతోంది. ఇక్కడికొచ్చిన రోజు రాత్రి తిండి దిగదు."

"గెరిట్! అలా అంటారా?" అని జోలీన్ నాలిక్కరుచుకుంది.

"అడిగారు కదా" అన్నాడతను.

కోరిన్ మొహం ఎర్రబడింది. వాళ్ళు వెళ్ళాక నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "ఆర్డిత్, ఇన్నేళ్ళలో ఈ కుర్చీ దిగినవాళ్ళు నీతో ఏమన్నారు?"

"పర్లేదన్నారు."

"అందరూనా?"

"మన ఊరే కదమ్మా!"

ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో దేవుడా! వాళ్ళ మర్యాదని నా వైద్యమనుకున్నానా ఇన్నాళ్ళూ? పోనీ నువ్వు చెప్పు, నీ నడుం ఎలా ఉంది?"

"పర్లేదు" అన్నాను. నన్ను కొరకొరా చూసి లోపలికి పోయింది.

కానీ ఆ పిల్లది రోషపడి కూర్చునే రకం కాదు. ఏదైనా అంతుబట్టకపోతే ఆమెకి నిద్రపట్టదు. మర్నాడు కుర్చీని మూలకి నెట్టేసి, గెరిట్‌తో పాటు చర్చికే వచ్చింది. డెల్మర్‌ని నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

"సరిగ్గా ఎప్పుడు తిరుగుతుంది? నాకు తెలీదు, నువ్వే చెప్పాలి" అంది కోరిన్.

గెరిట్ మూడో మెట్టు వైపు వేలు చూపించాడు. "మెట్ల సందుల్లోంచి నేల కనిపిస్తుంది. తల కదిలిస్తే మెట్లు ఆగుతాయి. నేల ఆగదు."

కోరిన్ స్కర్టు సర్దుకుని తనే మూడో మెట్టు మీద కూర్చుంది. తల అటూ ఇటూ తిప్పింది, ఒక కన్ను మూసింది, మళ్ళీ తిప్పింది. కొత్త బొమ్మ దొరికిన పసిపిల్ల మొహం అది. "నిజమే! నాకూ కొంచెం అలాగే ఉంది! నా కళ్ళు సర్దుకుంటున్నాయి, నీవి ఆలస్యం చేస్తున్నాయేమో. ముందు ఈ సందులు మూసి చూద్దామా?"

చర్చి పెద్దలు మెట్ల వెనక పలకలు కొట్టించారు. దానితో పాటు కోరిన్ ఇంకో కసరత్తు ఇచ్చింది. చెయ్యి చాపి, బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, తల మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. గెరిట్ గోదాములో తిప్పాడు, భోజనాల బల్ల దగ్గర తిప్పాడు, ప్రార్థనలో కూడా తిప్పాడు. చర్చిలో అతను మెట్లెక్కి చూసేటప్పుడు కింద బెంచీ మీద మా ఆయన కాపలా. "ఒరేయ్, కిందికి చూడకు, పైకి చూడకు! నీ గోరేదో నువ్వు చూసుకో!" అని అరిచేవాడు. ఒక వారం ఒక మెట్టు పెరిగేది, ఇంకో వారం రెండు తగ్గేవి. "ఇవాళ బాలేదు" అని చెప్పి దిగిపోయేవాడు. మొక్కజొన్న ఆకులు పసుపు తిరిగేనాటికి అటకలో అడుగుపెట్టాడు. పైనుంచి ఒక్క గంట వినిపించింది. డెల్మర్ రుమాలు తీసి ముక్కు చీదాడు.

"ఒకసారి కొట్టాక, దాని మోత పూర్తిగా చచ్చేదాకా తాడు ముట్టుకోకురా" అని చెప్పాడు. గెరిట్‌కది ఎప్పుడో తెలుసు.

పెద్దలు కరెంటు డబ్బా వద్దనుకున్నారు. కోరిన్‌కి మాత్రం మనసాగలేదు. "పలకల వల్ల తగ్గిందా, కసరత్తు వల్లా? రోజూ ఎక్కీ ఎక్కీ అలవాటైందా? గెరిట్, ఒక్క వారం పలకలు తీసేసి చూద్దామా?"

"వద్దు" అన్నాడు గెరిట్. "తెలుసుకోవడం మీకు కావాలి. నాకు గంట కావాలి."

కోరిన్ పకపకా నవ్వి, చేతులెత్తేసింది. ఈనాటికీ ఆమెకి ఏది పనిచేసిందో తెలీదు, మెట్లు కనిపిస్తే చాలు గొణుక్కుంటూనే ఉంటుంది.

కోతల మధ్యలో, ఒక పొద్దున్న, కాఫీ కప్పు చేతిలో ఉండగానే డెల్మర్ పోయాడు.

పెట్టె బయటికి తెస్తుంటే గంట మొదలైంది. రోడ్డవతల పొలంలో కోత యంత్రం ఆగింది, దాని వెనకది కూడా ఆగింది. ఒక దెబ్బ. మోత సన్నబడి, గాలిలో కలిసి, ఇక ఏమీ లేదనుకున్నాక మరో దెబ్బ. నేను వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టాను. మా పెళ్ళినాటి వయసు దాటింది, పిల్లలు పుట్టిన ఏళ్ళు దాటాయి, నిరుటిది కూడా దాటింది. చివరిది మోగాక ఇంకోటి మోగితే బాగుండునని, ఎంత పిచ్చిదాన్నో, చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. మోగలేదు. గెరిట్ అబద్ధపు దెబ్బ ఒక్కటి కూడా కొట్టడు.

తర్వాత చర్చి నేలమాళిగలో భోజనాలు. పందిమాంసం పెట్టిన హామ్ బన్నులు, బంగాళాదుంపల సలాడ్, వణికే ఆకుపచ్చ జెల్లీ. వరసగా వస్తున్నారు, భుజం తడుతున్నారు. "ఎలా ఉన్నావు ఆర్డిత్?" "పర్లేదు." "ఎలా ఉన్నావమ్మా?" "పర్లేదండీ." కోరిన్ కూడా అడిగింది, ఆమెకీ అదే చెప్పాను.

గెరిట్ మెట్లు దిగి వచ్చాడు. చెవి మూతలు మెడలో వేలాడుతున్నాయి. నా కళ్ళలోకి చూడలేదు, నా చేతిలోని పళ్ళెం వంక చూశాడు. కళ్ళలోకి చూడాల్సిన పనీ లేదు. "మీరెలా ఉన్నారు?" అన్నాడు.

"పర్లేదు నాయనా."

అతను కదల్లేదు. ఇందాక పైన మోత చచ్చేదాకా ఆగినట్టే, అక్కడే నిలబడ్డాడు. ఒక నిమిషం అయింది. ఇంకా నిలబడే ఉన్నాడు. పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

"బాలేదు గెరిట్" అన్నాను. "అస్సలు బాలేదు. పొద్దున్న లేచి రెండు కప్పుల కాఫీ కాచాను. రెండోది ఎవరికి పొయ్యాలో తెలీక సింకు దగ్గర నిలబడి ఏడ్చాను."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఊరంతా నావైపే చూస్తోందని తెలుసు. ఆగకుండా ఏడ్చాను.

"నాకూ బాలేదు" అన్నాడు గెరిట్. పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, నా పళ్ళెంలో సగం తినకుండా మిగిలిన బన్ను తీసుకుని తినసాగాడు.