మిషన్ ఎంగిలి

కూలర్ అడుగున నిలిచిన నీళ్లు పారబోస్తుంటే పాచి వాసన గుప్పుమంది. అచ్చం నిజాంసాగర్ కాలువ వాసనే.

చిన్నప్పుడు పోచమ్మకు బోనం వండడానికి మా అమ్మానాన్నలతో, అంటే అవ్వ, బాపుతో, ఆ కాలువకు నీళ్లకు వెళ్లాను. పైన కరెంటు తీసే పవర్‌హౌస్. దాని కింది నుంచి నీళ్లు జిగట నురగ కక్కుతూ వస్తున్నాయి. అవ్వ అందులోనే బిందె ముంచింది. నేను ముక్కు మూసుకున్నాను.

"థూ! మిషన్ కరెంటంతా పీల్చుకొని ఊంచిన నీళ్లవ్వా! ఎంగిలి పెడితే పోచమ్మకు కోపమొస్తది!"

బాపు పకపకా నవ్వాడు. "నీళ్లు చక్రాన్ని తిప్పుతయి బిడ్డా, గంతే. చక్రం చుక్క గూడ తాగదు. గవే నీళ్లు మన పొలానికి పోతయి."

నేను నమ్మలేదు. ఆ బోనం బువ్వ ముట్టనని ఏడ్చాను.

"ఎంగిలే అనుకో," అంది అవ్వ. "నువ్వు ఇడిసిపెట్టిన బువ్వ రోజూ నేను తింటలేనా? నాకు రోత పుట్టిందా? పోచమ్మ గూడ తల్లే గదనే."

ఆ సాయంత్రం ప్రసాదం కళ్లు మూసుకుని మింగాను. ఆ నీళ్ల కరెంటుతో వెలిగే మా బల్బు కింద కూర్చునే మింగాను.

పాచి వాసన నాకు ఇప్పటికీ రోతే. కూలర్ కడిగి, చేతులు రెండుసార్లు రుద్దుకుని వంటింట్లోకి వచ్చాను. మనవరాలు సగం తిని వదిలేసిన పెరుగన్నం కంచంలో ఉంది. లైటు వేసి, మనసులో ఆ కాలువ నీళ్లకు దండం పెట్టుకుని, అదే కంచంలో ఆ మిగిలిన అన్నం తిన్నాను.