గని మూలిగితే వినడానికి పోయిన సారు

పోయిన వారం మా సైన్సు సారు కర్నూలు ఆసుపత్రిలో పోయారు. గుండె ఆగిందట. నేను బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండలు దించుతుండగా మా ఊరి మేస్త్రీ ఫోన్ చేసి చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఇక మా అమ్మ తరఫున మాట్లాడే మనిషి లేడు.

మా ఊరి నాపరాళ్ల గనిలో చరియ విరిగి మీదపడి మా నాయన చచ్చిపోయాడు. కొన్నాళ్లకు, నడినెత్తిన ఎండ ఉండే వేళ, గని అడుగున మూలుగు మొదలైంది. మనిషి నొప్పితో మూలిగినట్టే ఉంటుంది. నేనూ విన్నాను. కూలీలు దిగడం మానేశారు. మా అమ్మ మేకలు తోలుకొని ఆ గని గట్టుకే పోయేది. ఆమే చచ్చిన మొగుణ్ణి పిలుస్తోందని ఎవడో అన్నాడు, ఊరంతా ఆ మాటే పట్టుకుంది. మా తలుపు మీద రాళ్లు పడ్డాయి. ఊరు విడిచి పొమ్మన్నారు. నాయనను మింగిన గని యజమానిని ఒక్కడూ నోరెత్తి అడగలేదు, మేకలు కాసే ఆడమనిషి మీదికి మాత్రం అందరూ మగాళ్లే.

అప్పుడొచ్చారు సారు. రిటైరైన హైస్కూలు పంతులు. రాళ్లు పడే మిద్దె అన్నా, వెలుగులు తిరిగే గుట్ట అన్నా పాత మోపెడ్ మీద బయల్దేరేవారు. తోటి పంతుళ్లు దయ్యాల సారని నవ్వేవాళ్లు, పూజారులు నాస్తికుడని తిట్టేవాళ్లు. ఎవరు కథ మొదలుపెట్టినా జేబులో చెనిక్కాయలు తీసి ఒలుస్తూ ఒకటే అడిగేవారు: "నువ్వు చూసినావా, ఎవురన్నా చెప్పినారా?" సగం కథలు అక్కడే ఆగిపోయేవి.

గనిలో పగుళ్ల ముందు సన్నని దారాలు వేలాడదీశారు, గాలి కదిలితే తెలుస్తుందని. పళ్లెంలో రాతిపొడి పరిచారు, నేల అదిరితే కనబడుతుందని. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మూలుగు వచ్చింది. దారం కదల్లేదు. పొడి చెదరలేదు. నేను లేవబోతే సారు భుజం పట్టి ఆపారు.

"నాకూ భయంగానే ఉండాదప్పా," అన్నారు. "లేసి పోతే ఏం ఇనపడిందో ఎవురు చెప్తారు?"

గాలి అని చెప్పేయండి సారూ, మా అమ్మ బతుకుతుంది అని మీదికి పోయాను.

"దారం కదల్లేదు కదప్పా. ఈపొద్దు గాలని అబద్ధం చెప్తే, గాలి లేని పొద్దు అరిచినప్పుడు మళ్లా మీయమ్మ మీదికే వస్తారు."

ఆ రోజు ఆయన్ను గనిలోకి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది.

సారు మేస్త్రీని ఒప్పించారు. మేస్త్రీ పెండ్లాం మా అమ్మను అహోబిలం తీసుకుపోవాలి, మూలుగు వచ్చేదాకా కన్ను మరల్చకూడదు. మేస్త్రీ, సారు, నేను ఇక్కడ గట్టు మీద. మర్నాడు మధ్యాహ్నం అది వచ్చింది, ఎప్పటికన్నా గట్టిగా. మేస్త్రీ ముఖం సున్నం కొట్టినట్టయింది. పెండ్లానికి ఫోన్ కలిపాడు.

"ఆయమ్మ యాడుండాది?"

"యాడుంటాది, నా ముందరే కూచోని పులిహోర తింటాండాది. నాకు మిగిల్చేటట్టు లేదు."

ఊరందరి ముందు సారు చెప్పింది రెండు మాటలు: "ఆయమ్మ కాదు. ఏందో నాకు తెలీదు."

మొదటి మాటతో మా అమ్మ బతికింది. రెండో మాట ఊరికి నచ్చలేదు. అందుకే మూలుగు వినబడిందని కబురొస్తే చాలు, సారు వచ్చి గట్టు మీద కూర్చునేవారు. ఆయన్ను చూసి కూలీలు మళ్లీ దిగారు. మా ఇంటి మీద రాయి పడలేదు. ఒక్కసారైనా ఆయనకు దండం పెట్టలేదు నేను.

సారును దహనం చేసిన మర్నాడు గని మళ్లీ మూలిగింది. ఇక అడ్డం చెప్పేవాడు లేడుగా అని టీ అంగడి దగ్గర ఎవడో అన్నాడట. కొన్నాళ్లు మీ అమ్మను బయటికి రానీయొద్దని మేస్త్రీ మంచిగానే చెప్పాడు. ఆ మాటే అమ్మతో అన్నాను.

"గని మూలిగే యాళకు ఇంట్లో కూచుంటే నన్నెవురు చూస్తారు నాయనా?" అంది.

ఇప్పుడు రోజూ ఎండ నడినెత్తికొచ్చే వేళకు మేకలను కట్టేసి, బస్టాపు దగ్గర కూర్చుంటోంది. లోపల నీడ ఉంది, అక్కడికి పోదు. రోడ్డుకు కనబడేలా ఎండలోనే. దారిన పోయే ప్రతి మనిషినీ "తిన్నావాప్పా" అని పలకరిస్తుంది. వాళ్లు తనవైపు తిరిగి జవాబు చెప్పేదాకా చూపు తిప్పదు.