బొట్టు పెట్టుకుని టర్కీ వేటకు

మొన్న దసరా సాయంత్రం కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి మా మిత్రుడు ఫోన్ చేశాడు. కొత్తల్లుడు పక్కనే ఉన్నాడంటూ స్పీకర్ పెట్టి, ఇరవై ఏళ్లుగా ఎక్కడ నలుగురు చేరినా చెప్పే కథే మళ్లీ ఎత్తుకున్నాడు. “అల్లుడూ, ఈ అంకుల్ కాలేజీల ఎన్‌సీసీ షూటరట. పది గజాల దూరంల టర్కీ కోడి కూస్తుంటే కాల్చకుండ గన్ కింద పెట్టిండు!” అవతల అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఒకరితో మాట పడే స్వభావం కాదు నాది. అయినా ఈ ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లుగా పడుతూనే ఉన్నాను. ఆ రోజు తన ప్రాణం నా చూపుడువేలి మీద నిలిచిందని అతనికి ఇవాళ్టికీ తెలియదు. అతను తెలుగు పత్రికలు చదవడం మానేసి చాలా కాలమైంది కనుక, మీతో ధైర్యంగా చెప్పుకుంటున్నాను.

అప్పట్లో మేమిద్దరం అమెరికాలో బెంటన్‌విల్ అనే ఈ ఊళ్లోనే పక్కపక్క సీట్లలో పనిచేసేవాళ్లం. శనివారం వచ్చిందంటే వాళ్లు మా ఇంట్లోనో, మేము వాళ్లింట్లోనో ఉండవలసిందే. మా ఆవిడ చేతి చింతపండు పులిహోర కోసం అతను, చెల్లెమ్మ చేసే సకినాల కోసం నేను ఏదో ఒక పని కల్పించుకునేవాళ్లం. చెల్లెమ్మ అంటే అతని భార్యే. ఆ ఏడే నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది, దానితోపాటు నాకు రానిదంటూ లేదన్న ధీమా కూడా వచ్చింది. తలా ఒక వంటకం తెచ్చుకునే నవంబరు పాట్‌లక్ విందుకు ఈసారి అంగడి టర్కీ కాదు, నేను కొట్టిన టర్కీ తెస్తానని ఊళ్లోని తెలుగువాళ్లందరి ముందూ కోతలు కోశాను. మా ఇంటి వెనక ఉండే పెద్దాయన ముసలితనం వచ్చినా వేట మానని మనిషి, ఆయన ఆ మాట పట్టుకుని నన్ను వదల్లేదు. వేటగాళ్ల క్లాసుకు పంపించాడు, లైసెన్స్ ఇప్పించాడు, తన తుపాకీతో సాధన చేయించాడు. గురి విషయంలో మాత్రం నేను కోసింది కోత కాదని ఆయనే ఒప్పుకున్నాడు.

శరత్కాలపు టర్కీ వేట పద్ధతే వేరు. గుంపుగా మేస్తున్న పక్షుల మధ్యలోకి పరుగెత్తి, వాటిని తలో దిక్కుకూ చెదరగొట్టి, ఆపైన కదలకుండా కూర్చుని వాటి కూత కూయాలి. తప్పిపోయిన పిల్లలు తల్లి పిలుస్తోందనుకుని వెతుక్కుంటూ వస్తాయి. కూయడానికి అరచేతిలో పట్టే చెక్కపెట్టె ఒకటుంటుంది, దాని మూతను అంచు మీద గీస్తే అచ్చం టర్కీ గొంతే. చిన్నప్పుడు జొన్నచేలో పిట్టలు తోలిన అనుభవం ఉంది కనుక చెదరగొట్టే పని మా మిత్రుడు తీసుకున్నాడు, కాల్చే పని నాది. తలా ఒక చెక్కపెట్టె ఇస్తూ పెద్దాయన ఒకటికి పదిసార్లు హెచ్చరించాడు. ఒంటి మీద ఎరుపు ఉండకూడదు, ఎందుకంటే మగ టర్కీ తల ఎర్రగా ఉంటుంది, పొదల్లో ఎర్రటిది కదిలితే వేటగాడి వేలు ఆగదు. చెదరగొట్టినవాడు చెదరగొట్టిన చోటే కూర్చోవాలి, లేచి తిరగకూడదు.

మేము వెళ్లిన శనివారం దసరా పడింది. దసరానాడు పాలపిట్టను చూడటం అతని ఊరి ఆనవాయితీ. “ఇక్కడ పాలపిట్ట యాడ దొరుకుతదన్నా, టర్కీనే సూసొద్దాం పా,” అన్నాడు. తెల్లవారకముందే చెల్లెమ్మ కార్లకూ, లాప్‌టాప్‌లకూ, పెద్దాయన తుపాకీకీ ఆయుధ పూజ చేసి, మా ఇద్దరికీ ఇంతింత కుంకుమ బొట్లు పెట్టి సాగనంపింది. దారిలో అతను ఎర్ర సాక్సులు విప్పేశాడు, నేను చేతి దారం తెంపి జేబులో వేసుకున్నాను. బొట్టు సంగతి మాత్రం ఇద్దరికీ తట్టనే లేదు. బొట్టు మాకు ఒక రంగు కాదు, ముఖంలో భాగం.

రాష్ట్ర సరిహద్దు దాటి మిస్సోరీలో పెద్దాయన బంధువుల అడవికి మేమిద్దరమే చేరాం. గంట నడిచాక గుంపు కనబడింది. అతను హోహో అని కేకలు పెడుతూ పరుగెత్తిన తీరు చూస్తే జొన్నచేను ఎంత క్షేమంగా ఉండేదో అర్థమైంది. పక్షులు రెక్కలు కొట్టుకుంటూ తలో దిక్కుకూ లేచిపోయాయి. నేను ఒక చెట్టుకు ఆనుకుని కూర్చుని, కొంతసేపు ఆగి మూత గీశాను. జవాబు వచ్చింది. మళ్లీ గీశాను, ఈసారి జవాబు దగ్గరగా వచ్చింది. ఆకుల మధ్య ఎర్రటిదేదో, సరిగ్గా టర్కీ తల ఉండే ఎత్తులో, మెల్లగా కదిలింది. సేఫ్టీ తీసి వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. అంత దగ్గర్లో నా గురి తప్పే ప్రశ్నే లేదు.

అప్పుడు ఆ ఎరుపు మీదికి ఒక చెయ్యి లేచి చెమట తుడుచుకుంది.

తుపాకీ నేల మీద పెట్టేశాను. ఒక్కడూ కూర్చోలేక, నా కూతనే టర్కీ కూత అనుకుని, పక్షులకు కనబడకుండా ముఖానికి కట్టుకున్న వల పైకి తోసుకుని, తనూ కూస్తూ పాక్కుంటూ వచ్చాడు మహానుభావుడు. చెమటకు కుంకుమ నుదురంతా పాకింది. “పిట్ట మనిద్దరి నడిమిట్లనే కూసిందన్నా, ఎందుకు కాల్చలే?” అని నా మీదే విసుక్కున్నాడు. తుపాకీ మొరాయించిందన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని కారు దాకా నవ్వుతూనే నడిచాడు. తాళాలు అతనికే ఇచ్చి ఇంటిదాకా నడపమన్నాను. వాళ్లింటి గుమ్మంలో ఎదురొచ్చిన చెల్లెమ్మ, పిట్ట దొరకలేదా అన్నయ్యా అని అడుగుతుంటే, వాళ్ల నాలుగేళ్ల పాప తండ్రి మెడకు వేలాడుతుంటే, నేను తలెత్తి చూడలేకపోయాను.

చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే చెల్లెమ్మ ఇక ఎవరికీ నిశ్చింతగా బొట్టు పెట్టలేదని ఊరుకున్నాను. తుపాకీ మళ్లీ ముట్టలేదు. అయినా ధీమా మనిషినే, ఇప్పటికీ చేయగలనన్న పని చేసి చూపిస్తాను. కాకపోతే కళ్లకు రూఢిగా కనిపించినదాన్ని కూడా మరోసారి చూడటం అలవాటైంది. ఉద్యోగాలు ఎటు పిలిస్తే అటు వెళ్లిపోయే కాలం కదా, అతను కాలిఫోర్నియా చేరాడు, నేను ఇక్కడే ఉండిపోయాను, పండుగకు ఒక ఫోనుతో సరిపెట్టుకుంటున్నాం. అతను రాని శనివారాలకు ఎలాగో అలవాటు పడ్డాను. అతనే లేని ఇరవై ఏళ్లను ఎలా మోసేవాణ్ణో మాత్రం నాకు తెలియదు.